అరగంట తాళం

ఫిబ్రవరి 9

ప్రియమైన మేస్త్రీ గారికి,

'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాసేశాను. కొట్టేద్దామనుకున్నాను కానీ కాగితం ఖరాబవుతుందని వదిలేశాను. ఎక్కువ సంబరపడకండి.

మీరు రోజూ ఫోన్ చేస్తున్నారు, నేను ఎత్తడం లేదు. "పాపం ఆయనేమైపోవాలే!" అని అక్క నన్ను రోజూ తిడుతోంది. ఏం చెయ్యను? ఫోన్ మోగితే చాలు, నాకు ఆగస్టులో ఆ రోజే గుర్తొస్తుంది. ఆ రోజు మీకు పదకొండు సార్లు చేశాను. పదకొండు సార్లూ మోగి మోగి ఆగిపోయింది. తాళం తీసేటప్పుడు లోపలి చప్పుడు సరిగా వినపడాలని ఫోన్ బండి డిక్కీలో పెట్టి వెళ్ళడం మీ అలవాటు. మీరు ఎవరి తలుపుకో చెవి ఆనించి కూర్చున్నారు. ఇక్కడ మన బాత్రూం తలుపు అవతల మన పిల్ల, మన పిట్ట, పడిపోయి ఉంది. ఇక ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటాం? అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, నేను కూడా మీ తాళాల పనే నేర్చుకుంటున్నాను. నవ్వకండి.

పోయిన నెల అక్క బీరువా తాళంచెవి పోగొట్టుకుంది. తాళాలు తీసే మనిషి కావాలని కబురు పెడితే ఓ మామ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి, సీసా అడుగంత మందం కళ్ళద్దాలు, భుజాన గుడ్డసంచి. అక్క టీ పెట్టి తెచ్చేలోపు బీరువా తీసేసింది. నేను పక్కన చతికిలబడి చూస్తూ ఉండిపోయాను. వెళ్ళేటప్పుడు ఆవిడ వెనకాలే వీధి చివరి దాకా నడిచి, నాకు నేర్పుతారా అని అడిగాను. "ఏదీ, చేతులు చూపించు" అంది. అటూ ఇటూ తిప్పి చూసి, "బలముంది. అదే నీ రోగం. సరే, రేపు రా" అంది.

అప్పట్నించీ రోజూ ఆవిడ కొట్టుకి వెళ్తున్నాను. కొట్టంటే ఎంతో కాదు, మన వంటింట్లో సగం.

ఎందుకు నేర్చుకుంటున్నానో మీకు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను. మీ రెండో సంచి ఆ రోజు మంచం కిందే ఉంది. తెచ్చి తలుపు ముందు కుమ్మరించాను. ఎన్నెన్ని కమ్మీలు, ఎన్నెన్ని కొక్కేలు! ఒక్కటీ దేనికో తెలియదు. లోపల కుళాయి పారుతూనే ఉంది. ఎంత పిలిచినా పిట్ట పలకలేదు. ఎదురింటాయన గునపం తెచ్చి తలుపు పగలగొట్టేసరికి ఇరవై నిమిషాలు. ఫిట్స్ వచ్చి టబ్బులోకి పడిపోయిందనీ, ఓ పది నిమిషాలు ముందు తెచ్చి ఉంటే వేరేలా ఉండేదనీ డాక్టరు అన్నాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో మీరు నాకు ఒక్క తాళం గురించి ఒక్క ముక్క చెప్పారా?

ఒకటే అడుగుతున్నాను. ఆ బాత్రూం తాళం మీరైతే ఎంతసేపట్లో తీసేవారు? నిమిషాల్లో చెప్పండి. కథలొద్దు.

ఇట్లు,
మీ గయ్యాళి


ఫిబ్రవరి 17

ప్రియమైన గయ్యాళికి,

పోస్టు కవరు మీద నీ చేతిరాత చూసి కాసేపు చింపలేదు. చింపాక నాలుగుసార్లు చదివాను. అన్నీ తిట్లే అనుకో. అయినా నువ్వు రాసిన తిట్లు.

ఇక్కడ కొత్తగా ఏముంది? ఆ తలుపు తీసేసి వేరేది పెట్టించాను. వంట నేనే చేసుకుంటున్నాను. నువ్వు చూస్తే దాన్ని వంట అనవు. పిట్ట చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. తీద్దామని రెండుసార్లు వంగి, తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను.

నువ్వడిగినదానికి జవాబు. అరగంట. అవును, నాకైనా అరగంట పట్టేది. గట్టి తాళం అది. నేనే ఏరి తెచ్చాను. కాబట్టి నేను ఫోన్ ఎత్తి ఎగిరొచ్చి వాలినా లాభం లేకపోయేది. నీకు పని వచ్చి ఉన్నా లాభం లేకపోయేది. ఈ మాట మనసులో గట్టిగా పెట్టుకో. నీ వల్ల అయ్యేది ఏమీ లేదు. ఫోన్ విషయంలో మాత్రం తప్పు నాదే. దానికి ఎంత తిట్టాలో అంతా తిట్టు, పడతాను.

ఈ పని నీకెందుకు చెప్పు? కళ్ళు పోతాయి, నడుం పడిపోతుంది. వేళాపాళా లేకుండా జనం పిలుస్తారు. నీకు కుట్టుపని వచ్చు కదా, మీ అక్క దగ్గర మిషను కూడా ఉంది. అంతగా మనసు పడితే తాళం కప్పలూ బీరువాలూ నేర్చుకో. ఇళ్ళల్లో గది తలుపుల జోలికి మాత్రం పోకు. అవి ఏళ్ళు పట్టే పని.

ఆ మామ్మగారి కొట్టు చిరునామా రాయి. మా ఆవిణ్ణి భరిస్తున్నందుకు ఆవిడకో దండం పెడుతూ ఉత్తరం రాయాలి.

నీ
మేస్త్రీ


మార్చి 3

మేస్త్రీ గారికి,

ఈసారి ఆ మొదటి మాట రాయలేదు, చూసుకున్నారా?

కుట్టుమిషనా? భేష్! నాకు గుండీలు, మీకు తాళాలు. ఎనిమిదేళ్ళూ ఇంతేగా? "ముట్టుకోకే, కలిసిపోతాయి", "నీకెందుకే, వేలు తెగుతుంది". ఆ సంచి దగ్గరికి నన్ను రానిచ్చారా ఎప్పుడైనా? పిల్ల పోయాక కూడా అదే మాటేనా?

వినండి మరి. మొన్న మంగళవారం నేను తాళం తీశాను. కిందటి నెల మామ్మ నాకో పాత తాళం కప్ప ఇచ్చింది, లోపల ఐదు పిన్నులు. వంచిన కమ్మీ ఒకటి అడుగున పెట్టి, చిటికెన వేలు బరువంత ఆనించాలట. సన్న కొక్కెంతో ఒక్కొక్క పిన్నూ తడుముతూ పోతే, ఏదో ఒకటి బిర్రుగా తగులుతుంది. దాన్ని మెల్లిగా పైకి నెడితే టిక్ మని కూర్చుంటుంది. ఆ టిక్ చెవి కంటే ముందు వేలికి తెలుస్తుంది. మీకు ఇవన్నీ చెప్పడం ఏమిటో! పన్నెండు రోజులు నాకు ఏ టిక్కూ తెలియలేదు. నొక్కడం, బిగుసుకుపోవడం, విసిరికొట్టడం. "దానితో పోట్లాడకే తల్లీ, అది నీ మొగుడు కాదు" అంటుంది మామ్మ. మంగళవారం ఎందుకో చేతిలో బలమంతా పోయినట్టైంది, పిట్ట గుర్తొచ్చి. కమ్మీ ఊరికే అలా పట్టుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, ఐదూ కూర్చున్నాయి. కప్ప తెరుచుకుంది. అరిచేశాను. అరిచి, కొట్టు ముందు మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మామ్మ వచ్చినవాళ్ళకి "కాసేపాగి రండి" అని చెప్పి పంపేసింది.

మీరు అరగంట అన్నారు. నేను నమ్ముతున్నాను, ఎందుకంటే పని దగ్గర మీరు అబద్ధం ఆడరు. కానీ అరగంట మీకు. ఆ తలుపు అవతల ఉన్నది మన పిల్ల అయితే నాకు ఎంత పట్టేదో నేను చూసుకోవాలి. ఆ తాళం నాకు పంపండి. పాత తలుపుతోపాటు ఊడదీసే ఉంటారుగా. రోజూ దాని మీదే సాధన చేస్తాను. అరగంటని పాతిక చేస్తాను, పదిహేను చేస్తాను. పదికి తెచ్చిన రోజున... ఏమవుతుందో నాకు తెలియదు. పంపండి.

మామ్మ కొట్టు చిరునామా వెనక రాశాను. దండాలు మీరే పెట్టుకోండి.

గయ్యాళి


మార్చి 12

ప్రియమైన గయ్యాళికి,

తాళం తీశావని చదివి, ఒక్కణ్ణీ వంటింట్లో నిలబడి "ఓసి నీ!" అన్నాను పైకే. పన్నెండు రోజుల్లోనా? నాకు నెల పట్టింది. మా గురువుగారు నన్ను మొద్దువెధవా అని పిలిచేవారు. బలం తగ్గించాక తీయగలిగావు చూడు, అక్కడ ఉంది కిటుకంతా. నాకు చాలా గర్వంగా ఉంది. ఆ మాట ముందే అనాల్సింది. పోయిన ఉత్తరంలో రాసిన చెత్తకి నన్ను క్షమించు.

సంచి ముట్టుకోనివ్వలేదన్నావు. నిజమే. కాదనను.

ఆ తాళం నా దగ్గర లేదు. పాత ఇనుము కొనేవాడు వస్తే తలుపు చెక్కలతోపాటు ఇచ్చేశాను. ఏ రకమో నాకూ గుర్తులేదు. దొరకదు. వెతకొద్దు. నిన్ను బతిమాలుకుంటున్నాను, ఆ తాళం సంగతి వదిలెయ్. మిగతా లోకంలో కావలసినన్ని తాళాలున్నాయి.

ఇప్పుడు పనికి వెళ్తే ఫోన్ జేబులోనే పెట్టుకుంటున్నాను. మధ్యలో మోగుతుంది, టిక్కులు వినపడవు, మళ్ళీ మొదట్నించీ తడుముకుంటాను. గిరాకీలు విసుక్కుంటున్నారు. ఉండనీ.

వేళకి తిను. నీ చేతులు బండబారతాయి, పడుకునేముందు కొబ్బరినూనె రాసుకో.

నీ
మేస్త్రీ


ఏప్రిల్ 20

ప్రియమైన మేస్త్రీ గారికి,

ఈసారి మొదటి మాట కావాలనే రాశాను.

నెలపైన అయింది ఉత్తరం రాసి. కోపం కాదు, పని. మామ్మ నన్ను వెంటేసుకుని తిప్పుతోంది. పోయిన వారం తనకి మోకాళ్ళ నొప్పని నన్నొక్కదాన్నే పంపింది. ఒక ముసలి దంపతులు. గుమ్మం బయట వాళ్ళిద్దరూ, తాళంచెవులు లోపల. "నేను తెస్తాననుకున్నావా?" "నువ్వు తేవద్దూ?" అని ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై రెండు నిమిషాల్లో తీశాను. తలుపు తెరుచుకోగానే ఆయన "చూశావా!" అన్నాడు, ఏదో తనే తీసినట్టు. ఆవిడా నేనూ ఒకేసారి నవ్వేశాం. ఎనిమిది నెలల తర్వాత నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. వెంటనే భయమేసింది, పిట్ట లేకుండా నవ్వేశానని.

తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే ఇంకో సంగతి తెలిసింది. ఆ పనిలో ఉన్నప్పుడు లోకం వినపడదు. వెనక వాళ్ళు అంత గోల చేస్తున్నారు, నాకు ఒక్క ముక్క చెవిన పడలేదు. అప్పుడు అనిపించింది, మీరు ఫోన్ డిక్కీలో పెట్టింది మమ్మల్ని లెక్కచేయక కాదు, అవతలివాళ్ళ తలుపు తొందరగా తెరుచుకోవాలని. మిమ్మల్ని చాలా అన్నాను. అందరి ముందూ, పిట్టని శ్మశానానికి ఎత్తుకెళ్ళిన రోజున కూడా, "నువ్వే చంపావు" అన్నాను. మీరు తల వంచుకుని నిలబడ్డారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తీసుకోవడానికి వస్తుందో రాదో తెలియదు కానీ తీసుకుంటున్నాను.

మీరు చెప్పిన అరగంట నాకు చాలా మేలు చేసింది. మీ వల్లా కాకపోయేది, నా వల్లా కాకపోయేది అనుకుంటే ఊపిరి అందుతోంది. మామ్మతో కూడా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, "ఆయన అన్నారంటే అంతే అయ్యుంటుంది" అంది. మంచి మనిషి. ఎవరైనా బాత్రూం అని ఫోన్ చేస్తే నన్ను టీ తెమ్మని పంపేసి, ఆ మోకాళ్ళతో తనే వెళ్తుంది. నేను బాధపడతానని కాబోలు.

వచ్చే వారం ఆవిడ కళ్ళ ఆపరేషన్‌కి వెళ్తోంది. పది రోజులు కొట్టు నాదే! ఆవిడ తిరిగి వచ్చాక మీరొచ్చి నన్ను తీసుకెళ్ళండి. ఆ ఇంటికి రాగలనో లేదో వచ్చి చూస్తాను. మీరు వండినదాన్ని కూడా చూస్తాను.

ప్రేమతో,
గయ్యాళి


ఏప్రిల్ 26

ప్రియమైన గయ్యాళికి,

వస్తాను. పదో తారీఖు ఆదివారం పొద్దున్నే అక్కడ ఉంటాను. ఇంకా ముందే వచ్చేవాణ్ణి, ఆఫీసు ఒకటి మారుతోంది, అరవై గదుల తాళాలు, ఒప్పుకున్నాను.

ఒక్క కోరిక. నేను వచ్చేదాకా కొట్టు మూసెయ్. నవ్వకు, తిట్టకు, ఎందుకని అడగకు. ఎవరు పిలిచినా వెళ్ళకు. పది రోజులు మీ అక్క దగ్గర పడుకుని విశ్రాంతి తీసుకో. నీతో ఎదురుగా కూర్చుని ఒక సంగతి చెప్పాలి. ఉత్తరంలో రాసేది కాదు. అది నా నోటి నుంచే వినాలి, ఇంకెక్కడా వినకూడదు.

నువ్వు వెనక్కి తీసుకుంటానన్న మాట అప్పుడే తీసుకోకు. దగ్గరే ఉంచు.

నీ
మేస్త్రీ


ఏప్రిల్ 30

మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నిన్న వచ్చి ఉంటే కొట్టు మూసేదాన్నేమో.

నిన్న పొద్దున పదింటికి ఫోన్. రెండేళ్ళ పాప బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసేసుకుందట, త్వరగా రమ్మని. వెళ్ళకపోతే ఇంకెవరూ లేరు. సంచి పట్టుకుని పరిగెత్తాను. ఆ తల్లి తలుపు మీద రెండు అరచేతులూ బాదుకుంటోంది. లోపల పాప ఏడుస్తోంది. ఏడుపు వినపడుతోంది కదా, పర్వాలేదు పర్వాలేదు అని నాకు నేనే చెప్పుకుంటూ మోకాళ్ళ మీద కూర్చున్నాను. చూస్తే మన తలుపుకి ఉన్న హ్యాండిలే. అదే గుండ్రం, అదే రంగు. అరగంట తాళం!

తాళంచెవి పెట్టే చోటు వెతికాను. లేదు. మధ్యలో చిన్న చిల్లు ఉంది. మన ఇంట్లో రోజూ తుడిచిన చిల్లే. ఏదో స్క్రూ ఊడిందేమో అనుకునేదాన్ని. ఏం చెయ్యాలో తోచక సన్న కమ్మీ ఒకటి అందులోకి పెట్టి నెట్టాను.

టప్ మంది. తెరుచుకుంది.

నాలుగు సెకన్లు పట్టిందేమో. పాప సబ్బు చేత్తో పట్టుకుని నన్ను చూసి ఏడుపు ఆపేసింది. ఆ తల్లి నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను అక్కడే కూలబడిపోయాను. నాకు వాళ్ళు నీళ్ళిచ్చారు. ఆవిడ పిల్ల దక్కిందని ఏడుస్తోంది, నేనెందుకు ఏడుస్తున్నానో ఆవిడకి అర్థం కాలేదు.

ఆసుపత్రికి వెళ్ళి మామ్మని నిలదీశాను. కంటికి కట్టు. ఆ కట్టుతోనే చెప్పింది, లోపల గడియ పడితే బయట్నించి తీయడానికే ఆ చిల్లు పెడతారట. సన్న మేకు ఒకటైనా చాలట, అగరొత్తి పుల్లైనా చాలట. మీరు మార్చిలోనే ఆవిడకి ఉత్తరం రాశారట, నన్ను బాత్రూం తలుపుల దగ్గరికి పంపొద్దని.

నా జడలో ఆ రోజు నాలుగు పిన్నులు ఉన్నాయి, మేస్త్రీ గారూ. నాలుగు. ఒకటి వంచి నెట్టి ఉంటే చాలు. మీ కమ్మీలన్నీ కుమ్మరించి వాటిలో వెతుకుతూ ఏడ్చాను.

అరగంట అన్నారు. నేను నమ్మాను. నమ్మి నవ్వాను కూడా.

పదో తారీఖున రావొద్దు.


మే 5

ప్రియమైన గయ్యాళికి,

రావొద్దన్నావు, రాను. ఇది మాత్రం చదువు.

ఆ రోజు నేను ఇంటికి వచ్చేసరికి అందరూ ఆసుపత్రికి వెళ్ళిపోయారు. తలుపు ముక్కలై పడి ఉంది. హ్యాండిల్ ఆ చెక్కకే ఉంది, చిల్లు పైకి చూస్తూ. చుట్టూ నా కమ్మీలన్నీ. చూడగానే నాకు మొత్తం తెలిసిపోయింది. నువ్వు ఎక్కడ కూర్చున్నావో, ఏం వెతికావో, ఎంతసేపు వెతికావో. ఆసుపత్రికి వచ్చేముందు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆ హ్యాండిల్ ఊడదీసి జేబులో వేసుకున్నాను. పిల్ల దగ్గరికి పరిగెత్తాల్సినవాణ్ణి, స్క్రూలు విప్పుతూ కూర్చున్నాను. నీకు ఎవరూ చెప్పకూడదు, అదొక్కటే ఆలోచన. తెలిస్తే నువ్వు బతకవనుకున్నాను. పాత ఇనుముకి ఇవ్వలేదు. నేనే కాలవలో పడేశాను.

నువ్వు "నువ్వే చంపావు" అన్నప్పుడు తల వంచుకున్నాను కదా, నా మంచితనం అనుకోకు. నువ్వు తిట్టింది ఫోన్ ఎత్తనందుకు. ఆ తిట్టు నేను మోయగలను. అసలు తప్పు వేరే ఉంది, దానికి తిడితే మోయలేను. అందుకే దాన్ని కప్పిపెట్టాను. నిన్ను కాపాడాలని సగం, నన్ను కాపాడుకోవాలని సగం.

పద్దెనిమిదేళ్ళుగా ఈ తాళాలు బిగిస్తున్నాను. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళని పిలిచి చెప్తాను, "అమ్మా, ఈ చిల్లు చూడండి, పిల్లలు లోపల ఇరుక్కుంటే ఇలా తీయాలి" అని. ఎన్ని వందల ఇళ్ళల్లో చెప్పానో. మన ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాకది తాళం కిందే లెక్క కాదు. చొక్కా గుండీ ఎలా తీయాలో ఎవరైనా పెళ్ళానికి చెప్తారా, అలా అనుకుని ఉంటాను. ఊరందరికీ చెప్పి నీకు చెప్పలేదు. పిట్టని చంపింది అది. నీ జడలో పిన్నులు కాదు. తెలియని మనిషిది తప్పు ఎలా అవుతుంది? మొత్తం నాదే.

ఇదే నీకు ఎదురుగా చెప్పాలనుకున్నది.

మేస్త్రీ


మే 22

ప్రియమైన మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. ఒక్కరోజులోనే జవాబు రాసేదాన్ని, రాయకూడదనుకున్నాను. ఎందుకో చెప్తాను. ముందు ఒక సంగతి, నేను బతికే ఉన్నాను. మీరు భయపడినట్టేమీ చేసుకోలేదు. మొదటి మూడు రోజులు అక్క నా పక్కనే కూర్చుంది, బలవంతంగా తినిపించింది. ఇప్పుడు నేనే తింటున్నాను.

మన ఇంట్లో మాత్రం చెప్పలేదు అని రాశారు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముందుకి చదవలేకపోయాను.

మీరు చెప్పారు.

మీకు గుర్తులేదు. ఆ ఇంట్లో దిగి వారమైంది. పిట్టకి పది నెలలు. దాన్ని చంకనేసుకుని నేను పెట్టెలు విప్పుకుంటున్నాను, చేతికి ఏదీ దొరక్క చిరాగ్గా ఉన్నాను. మీరు బాత్రూం తలుపు దగ్గర హ్యాండిల్ బిగిస్తూ "ఓసారి ఇలా రావే" అన్నారు. రాలేదు. మళ్ళీ పిలిచారు. వచ్చి నిలబడ్డాను. "ఇదిగో ఈ చిల్లు చూశావా, రేపు ఇది నడక నేర్చి లోపల గడియ వేసుకుందంటే..." అంటూ ఏదో పుల్లతో చూపించబోయారు. నేనేమన్నానో తెలుసా? "అబ్బబ్బ, మీ తాళాల సోది మీ గిరాకీలకి చెప్పుకోండి, నాకవతల బోలెడు పనుంది" అన్నాను. అని వెళ్ళిపోయాను. మీరు నవ్వి, ఒక్కరే రెండుసార్లు తీసి వేసి చూసుకున్నారు. టప్ టప్ మని నాకు పక్కగదిలోకి వినపడింది.

పదిమందికి చెప్పినట్టే నాకూ చెప్పారు, అందుకే మీకు గుర్తు లేదు. నాకూ ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు. ఆ రోజు తలుపు ముందు కూర్చున్నప్పుడు రావాలి, రాలేదు. మీరు చెప్పలేదని రాశారు చూడండి, అప్పుడు వచ్చింది.

ఈ సంగతి నేను దాచేయొచ్చు. మీరు మొత్తం నాదే అన్నారు, ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామనే చూశాను. మీరు నెలల తరబడి దాచారు, నేను రెండు వారాలు కూడా ఉండలేకపోయాను. మీరు ఆ ఇంట్లో ఒక్కరే కూర్చుని, నేను చెప్పలేదు, నేను చెప్పలేదు అని కుళ్ళిపోతుంటే నాకు ముద్ద దిగలేదు. కాబట్టి వినండి. మీరు చెప్పారు. చూపించబోయారు. నేనే వినలేదు.

మామ్మతో చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. "అందరూ వింటారనుకుంటున్నావా?" అంది. కట్టు విప్పాక నన్ను వెంటేసుకుని, తను ఆ తాళాలు బిగించిన ఇళ్ళకి బయల్దేరింది. పదకొండు ఇళ్ళకి వెళ్ళాం. "ఈ తలుపు బయట్నించి ఎలా తీస్తారమ్మా?" అని అడిగాం. పదకొండింట్లోనూ మామ్మ చెప్పే ఉంది, ఒట్టేసి చెప్తుంది. ఇద్దరికి గుర్తుంది. ఇద్దరే. మిగతావాళ్ళు ఆ చిల్లు ఎందుకో తెలియదన్నారు. ఒకావిడ దాని మీద పిల్లలాడుకునే స్టిక్కరు అంటించింది. మామ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ముప్ఫై ఏళ్ళు చెప్పాననుకున్నానే" అంది.

ఇప్పుడు మేం చెప్పడం మానేశాం. తాళం బిగించాక తలుపు మూసి, ఆ ఇంటి ఆడవాళ్ళ తలలోంచే పిన్ను తీయించి, వాళ్ళ చేత్తోనే మూడుసార్లు తీయిస్తున్నాం. ముసలివాళ్ళయినా, పనిలో ఉన్నా వదలం. విసుక్కుంటారు. నాకు పనుందమ్మా అంటారు. నాకు ఒళ్ళు మండి, "రెండు నిమిషాలు, చచ్చిపోరు" అని అరుస్తాను. ఇక్కడ కూడా అందరూ నన్ను గయ్యాళి అనే అంటున్నారు. మీరూ అలాగే చెయ్యండి. చెప్పి వచ్చేయకండి.

మీరు నన్ను క్షమించాలని అడగను, మిమ్మల్ని క్షమించానని కూడా అనను. ఎవరి తప్పు ఎంతో తూచడానికి రోజుల తరబడి చూశాను. ఆ తక్కెడ ఒక పక్కకి ఆగడం లేదు.

ఆ ఇంటికి నేను ఇక రాలేను, అడక్కండి. కానీ మీరు రండి. ఏ ఆదివారమైనా సరే. కొట్టు వెనక చిన్న గది ఉంది, మామ్మ ఇస్తానంది. ఏమీ సర్ది చెప్పకండి, నిమిషాల లెక్కలు చెప్పకండి. పిట్ట పోయాక నేను మిమ్మల్ని తిడుతూ ఏడ్చాను, మీరు నా ముందు ఏడిస్తే బయటపడిపోతానని బిగబట్టుకున్నారు. మనిద్దరం కలిసి దాని కోసం ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు. రండి.

మీ
గయ్యాళి